అంగుళం లోతున అత్తగారి పూలు

నేను అబద్ధాలకోరును కాను, దర్జీని. ఈ రెంటికీ ఉన్న తేడా ఏమిటో మా ఆవిడకి ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. ఇంకా ఒప్పుకోలేదు.

మీకు తెలియంది కాదు, మా వీధిలో నన్ను రేపు మాస్టరు అంటారు. దుకాణం బోర్డు మీద వేరే పేరుంది గానీ దాన్ని ఎవరూ చదవరు. బట్ట ఇచ్చినవాడు వచ్చి అడిగితే చాలు, నా నోట్లోంచి ఒక తేదీ రాలిపడుతుంది. వారం, పూట, గంటతో సహా చెబుతాను. అంత కచ్చితంగా చెప్పినవాణ్ణి అనుమానించడం మర్యాద కాదని మనిషి వెళ్లిపోతాడు. ఒకాయన పెళ్లికని కుట్టమన్న కోటు ఆయన మొదటి బిడ్డ పుట్టినరోజుకి ఇచ్చాను. అప్పటికి నడుం దగ్గర రెండంగుళాలు వదలాల్సి వచ్చింది. దానికీ తేదీ చెప్పాను.

ఇదంతా నవ్వులాటగానే గడిచిపోయేది, మా అత్తగారి విషయంలో తప్ప.

మూడేళ్ల కిందట ఆవిడ బూడిదరంగు ఉన్ని గుడ్డ తెచ్చి చలికాలానికి కోటు కుట్టమన్నారు. కొలతలు తీసుకున్నాను, తేదీ చెప్పాను. సొంత మనిషే కదా, ఏమీ అనుకోరులే అని బయటివాళ్ల పని ముందు పెట్టుకున్నాను. ఆవిడ నెలకోసారి దుకాణానికి వచ్చి, కాసేపు కూర్చుని, "పనెక్కువగా ఉన్నట్టుంది బాబూ, నిదానంగానే కానివ్వండి" అని లేచి వెళ్లేవారు. రెండు చలికాలాలు మోచేయి చిరిగిన పాత కోటుతోనే గడిపారు. ఆ తర్వాతి వేసవి మొదట్లో కన్నుమూశారు. గుడ్డ మీద కత్తెర పడలేదు. ఆ గుడ్డ పెట్టిన అర వైపు చూడకుండా తిరిగేవాణ్ణి. ఈ మాట ఎవరితోనూ అనలేదు.

ఆవిడ ఇంటి మెట్ల పక్కన ఒక పూలమడి ఉండేది. చలి విరగ్గానే అన్నిటికంటే ముందు పూసే మొక్కలు, వెన్నలాంటి లేత పసుపు పూలు. ఏటా పూసి, ఎండలకి ముడుచుకుని, మళ్లీ ఏడాది అదే వేరు నుంచి లేచేవి. ప్రిమ్‌రోజ్ అంటారట. ఆవిడ మాత్రం పచ్చమ్మలు అనేవారు. ఆవిడ పోయాక ఆ ఇంట్లోకి కొత్తవాళ్లు దిగారు. కారు పెట్టుకోవడానికి జాగా కావాలని మడి తవ్వేసి సిమెంటు పోశారు.

అంతకుముందు, ఇల్లు ఖాళీ చేసిన రోజున మా ఆవిడ ఎండిన కాయలు దులిపి గింజలు ఒక కాగితం పొట్లంలో కట్టుకుంది. గోధుమరంగు నలుసులు. తుమ్మితే ఎగిరిపోతాయి. వాళ్లమ్మ తోటలో మిగిలింది అంతే.

నవంబరులో ఒక సాయంత్రం ఆ పొట్లం ముందు పెట్టుకుని కూర్చుంది. నాకప్పుడే ఆలోచన తట్టింది. కోటు ఎలాగూ ఇవ్వలేకపోయాను, ఆవిడ పూలైనా కూతురికి పూయించి ఇస్తాను.

"అవి నాకివ్వవే. నేను పెంచుతాను" అన్నాను.

"మీరా? పోయినేడు కలబంద ఎండిపోయింది మీ చేతిలో."

"అది దాని తప్పు."

"ఇస్తాను గానీ ఒక్క షరతు. తేదీ చెప్పకూడదు."

"ఛ, నేనెందుకు చెబుతానూ!"

లోపలికి వెళ్లొచ్చి పొట్లం నా చేతిలో పెట్టింది. అందుకున్న ఉత్సాహంలో నోరు ఊరుకోలేదు. "మార్చి పదిహేను, ఆదివారం, సాయంత్రం నాలుగింటికల్లా పూలు చూస్తావు" అనేశాను.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని లేచి వెళ్లిపోయింది.

పనిమంతుడు ఏ పని చేసినా తన పనిలాగే చేస్తాడు. ఒక చెక్క ట్రేలో మట్టి నింపి ఇస్త్రీ చేసినట్టు చదును చేశాను. సుద్దతో గీతలు గీశాను. టేపు పెట్టి అరంగుళానికొకటి చొప్పున గింజ వేశాను. ప్యాంటు అంచు అంగుళం మడుస్తాం కదా, అందుకని గింజల్నీ సరిగ్గా అంగుళం లోతున పెట్టి మట్టి మడిచాను. పైన అరచేత్తో రెండు తట్లు తట్టాను. దర్జీ బల్ల మీద అంత నీటుగా ఏ గింజా పడుకుని ఉండదు.

ట్రేని తీసుకెళ్లి దుకాణంలో ఆవిరి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాను. పాపం, బయట చలి. పసివాళ్లకి వెచ్చగా ఉండాలి.

నెల గడిచింది. ఏమీ రాలేదు. ఇంకో రెండు వారాలు చూసి మా ఆవిడ అడగడం మొదలుపెట్టింది.

"ఏమండీ, మొలకలొచ్చాయా?"

"కటింగులో ఉన్నాయి."

"గింజల్ని కత్తిరించారా?"

మర్నాడు ఇంకోలా చెప్పాను. "ఈ వారం కరెంటు సరిగ్గా లేదే."

"మొక్కకి కరెంటెందుకండీ?"

జనవరిలో మళ్లీ అడిగింది. "అయిపోయింది, గుండీలు కుట్టడమే మిగిలింది" అన్నాను. అలవాటు మాట, నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. ముప్పై ఏళ్లుగా దుకాణం గోడ అవతల ఇంట్లో కూర్చుని నా సాకులన్నీ విన్న మనిషి. ఏ సాకు ఏ దశలో వస్తుందో నాకంటే ఆవిడకే బాగా తెలుసు.

అలాంటి సమయంలో ఒక పొద్దున్న ట్రేలో మూలగా పచ్చగా ఒకటి కనబడింది. సన్నగా, కొద్దిగా వంగి, ఆకు విప్పబోతున్నట్టు. నా ఆనందం ఏమని చెప్పను! రోజూ చెంచాతో నీళ్లు పోశాను. ఇస్త్రీ చేసేటప్పుడు ఆవిరి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టాను. తొమ్మిదో రోజున ఇక ఆగలేక మా ఆవిణ్ణి పిలిచాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. నా సూదుల దిండులోంచి ఒక సూది తీసి ఆ మొలక కింద పెట్టి మెల్లగా లేపింది. మొలక మొత్తం బయటికి వచ్చింది. రెండు అంగుళాల పొడుగు, వేరు లేదు.

"దారం" అంది.

"పచ్చగా..."

"పచ్చ దారం. పోయిన నెల కర్టెన్లకి వాడారు."

తొమ్మిది రోజులు పాలియెస్టర్‌కి నీళ్లు పోశాను. దాన్ని మాత్రం వాడిపోనివ్వలేదని నా మనసుకి నేనే చెప్పుకున్నాను.

ఆవిడ నవ్వలేదు. ఇస్త్రీపెట్టె వైపు చూసింది, సుద్ద గీతల వైపు చూసింది. "ఇంత లోతా? ఇక్కడ మరీ వేడిగా లేదూ?" అంది.

"వెచ్చగా ఉంటే తొందరగా వస్తాయి. నీకు తెలీదు, అనుభవం ఉండాలి" అన్నాను.

"అలాగే" అంది. భార్య "అలాగే" అంటే భయపడాలని నాకు ఆ వయసులోనూ తెలియలేదు.

మార్చి వచ్చింది. ట్రేలో మట్టి తప్ప ఏమీ లేదు. ఒక చోట వేలితో తవ్వి చూశాను. గింజ కుళ్లి పిండయిపోయింది. ఇంకో గీతలో తవ్వాను, అదీ అంతే. అన్ని గీతలూ తవ్వి చూశాక బల్ల మీద తల పెట్టుకుని కూర్చుండిపోయాను. అత్తగారి తోటలో మిగిలిన ఆ పొట్లాన్ని కూడా నా చేతుల్తో చంపేశాను. బట్ట పాడైతే ఇంకో బట్ట కొనివ్వచ్చు, దీనికి బదులు ఎక్కడ తెస్తాను?

ఇంటికెళ్లి ఉన్నమాట చెప్పేద్దామనుకున్నాను. గుమ్మంలోనే మా ఆవిడ ఎదురొచ్చింది.

"ఆదివారం అక్కని రమ్మన్నాను. నాలుగింటికి" అంది.

కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను. వాళ్లక్క అంటే మా వదిన, ఆసుపత్రిలో నర్సు. చివరి నెలల్లో తల్లిని ఒంటిచేత్తో చూసుకున్న మనిషి. ఆవిడ ముందు ఖాళీ ట్రే ఎలా పెట్టను? మరునాడు పూలకొట్టుకి పరిగెత్తాను.

"ప్రిమ్‌రోజులున్నాయా అమ్మా? లేత పసుపువి."

"పసుపున్నాయి" అని కొట్టావిడ మూడు కుండీలు తీసి పెట్టింది. ఆ పసుపు రోడ్డు మీద హెచ్చరిక బోర్డుకి వేసే పసుపు.

"ఇంకొంచెం వెలిసినవి లేవా? రెండుసార్లు ఉతికినట్టు?"

"ఇది బట్టలకొట్టు కాదు బాబూ" అంది.

నిండా మునిగినవాడికి చలేంటి. ఆ మూడే తెచ్చాను. ఆదివారం పొద్దున్నే దుకాణంలో కుండీల్లోంచి ఊడదీసి ట్రేలో సుద్ద గీత మీదే వరసగా నాటి, మట్టి కప్పి, ఇంటికి మోసుకొచ్చి వరండాలో బల్ల మీద పెట్టాను. మా ఆవిడ వచ్చి చూసింది. పూల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి.

"మాట నిలబెట్టుకున్నాను చూశావా?" అన్నాను.

"రోజు కూడా తప్పలేదే!" అని మాత్రం అంది.

సరిగ్గా నాలుగింటికి వదిన వచ్చింది. చెప్పులు విప్పి లోపలికి రాబోతూ పూలు చూసి అక్కడే ఆగిపోయింది. బల్ల ముందు కుర్చీలో కూర్చుని ఒక ఆకుని వేలితో నిమిరింది. కళ్లెంబడి నీళ్లు జారాయి.

"అమ్మని చూసినట్టుంది మరిదీ" అంది. "ఆ మడి మీద సిమెంటు పోశారని విన్నరోజు నాకు నిద్ర పట్టలేదు. మీ మేలు మర్చిపోలేను."

ఆ క్షణంలో నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. ఎంతోమందికి ఎన్నో అబద్ధాలు చెప్పాను గానీ వాటిని నమ్మి ఎవరూ ఏడవలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడి, "వదినా, ఒక్క మాట..." అని మొదలుపెట్టాను.

ఆవిడ వినిపించుకోలేదు. "నాకూ ఒకటిస్తారా? అమ్మ పూలయ్యాక ఇలా దుబ్బు పట్టి వేరు విడదీసి ఇచ్చేది" అంటూనే మొక్క మొదలు పట్టుకుని లాగింది. నర్సు చేయి, బలమైన చేయి. నేను "వద్దు వద్దు" అని అడ్డం పడబోయి ట్రేకి తగిలాను. ట్రే బల్ల మీంచి జారింది. పట్టుకుందామని వంగితే మట్టంతా నా చొక్కా మీద పడింది. మూడు మొక్కలూ నేల మీద దొర్లాయి. వాటి వేళ్లకి పూలకొట్టువాళ్లు చుట్టిన ప్లాస్టిక్ వల అలాగే ఉంది. ఒకదానికి చిన్న చీటీ కూడా గుచ్చి ఉంది.

వదిన ఆ చీటీ తీసి కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివింది. "గది అలంకరణకు. పూలు రాలాక పారేయవచ్చు."

నేను చొక్కా మీది మట్టి దులుపుకున్నాను.

"పసుపు మరీ ఎక్కువగా ఉందే అనుకున్నాను. నా చూపు మందగించిందేమోనని ఊరుకున్నాను" అంది వదిన.

ఇక దాచేదేముంది? అన్నీ చెప్పేశాను. టేపు, అంగుళం లోతు, ఇస్త్రీపెట్టె, కుళ్లిన గింజలు, పూలకొట్టు. "ఒక్కటి కూడా మిగల్లేదు. మీ అమ్మగారి గింజలు నేనే నాశనం చేశాను" అంటుంటే నాకు ఏడుపొచ్చేసింది. మీ దగ్గర దాచడం ఎందుకు, ఏడ్చాను.

మా ఆవిడ చీర చెంగో రుమాలో ఇస్తుందనుకుంటే, "చేతులు కడుక్కుని ఇద్దరూ పెరట్లోకి రండి" అని వెళ్లిపోయింది.

పెరట్లో ఎండ పడని గోడ పక్కన, వాన నీటి గొట్టం కింద, పగిలిన వాష్‌బేసిన్ ఒకటి ఉంది. పైన ఇనుప వల కప్పి ఉంటుంది. చలికాలమంతా నేను దాని పక్కనే నిలబడి పళ్లు తోముకున్నాను. పారేయాల్సిన సామానేమో అనుకున్నాను. మా ఆవిడ వల తీసింది. లోపల చిటికెన వేలి గోరంత ఆకులు, ముడతలు ముడతలుగా, మెత్తగా. ఒకటి కాదు, ముప్పైకి పైనే. పువ్వన్నది లేదు.

"ఇవీ..." అన్నాను.

"అమ్మవే. పొట్లంలో సగం మీకిచ్చాను, సగం నేనుంచుకున్నాను. మట్టి మీద ఊరికే చల్లాను, కప్పలేదు. వీటికి వెలుతురు కావాలి, చలి తగలాలి. అమ్మ ఎప్పుడూ అలాగే చేసేది. మొదటి ఏడాది పూయవు కూడా."

"పూయవా! మరి పొద్దున్న ఆ పూలు చూసినప్పుడే..."

"అంతకు ముందే. మీరు నవంబరులో తేదీ చెప్పినప్పుడే తెలుసు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

"చెబితే వీటికి కూడా తేదీ చెబుతారని."

వదిన కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "నా చేతిలో పోతాయని తెలిసి కూడా సగం ఎందుకిచ్చావు? అవి మీ అమ్మవి కదా" అన్నాను.

మా ఆవిడ వంగి ఒక మొలక మీద పడ్డ ఎండుటాకు తీసేసింది.

"అమ్మ కోసం ఒక్క పనైనా చెయ్యాలని మీరు కొట్టుకుపోతున్నారు. రోజూ చూస్తూనే ఉన్నాను. చెయ్యనివ్వకపోతే ఆ బాధ మీకు ఎప్పటికీ పోదు. పోతే పోయాయి, సగమేగా" అంది.

ముప్పై ఏళ్లలో నా మీద అంత పెద్ద ఖర్చు ఎవరూ పెట్టలేదు. మొలకల్ని లెక్కపెడుతున్నట్టు నటించాను. కళ్లు మసకగా ఉండి రెండుసార్లు తప్పాను.

వదిన మెల్లగా నా పక్కన చేరింది. "మరిదీ, ఇవి పూలు ఎప్పుడు పూస్తాయంటారు?"

నా నోరు దానంతటదే తెరుచుకుంది. "వచ్చే మార్చి..." అన్నాను.

మా ఆవిడ నీళ్లు పోసే క్యాను తెచ్చి నా చేతిలో పెట్టింది. చూస్తే అందులో నీళ్లు లేవు. నింపుకురావడానికి వెళ్లాను.