తొడిమ తీసిన ఆదివారం

పెళ్ళయిన ఏడో ఏట ప్రసూన, చక్రధర్ తమ ఇంటి ఆదివారాలను ఊరబెట్టడం మొదలుపెట్టారు. కాకినాడలో ఉద్యోగస్తుల ఇళ్ళల్లో అప్పటికే అందరూ ఊరబెడుతున్నారు కాబట్టి ఇందులో వింతపడాల్సిందేమీ లేదు. వింతల్లా వీళ్ళు అంత ఆలస్యం చేయడమే. అప్పటికి పెద్దది లోహితకి ఐదేళ్ళు నిండాయి, చిన్నాడు వంశీకి మూడు. అన్నాళ్ళ ఆదివారాలూ ఊరికే ఖర్చయిపోయాయన్నమాట.

కారణం మామూలే. ప్రసూనది బీమా ఆఫీసులో ఉద్యోగం, చక్రధర్‌ది పోర్టులో. వారం మొత్తానికి మిగిలేది ఒక్క ఆదివారం. ఆ రోజు బట్టలు ఉతకాలి, ఇడ్లీపిండి రుబ్బాలి, ఆఫీసు నుంచి తెచ్చుకున్న పని తెమల్చాలి. పిల్లలేమో పొద్దున్నే డాబా ఎక్కేస్తారు. పాత రంగు డబ్బాల్లో చిక్కుడు గింజలు పాతాలంటారు. బెండకాయ ముక్క రంగులో ముంచి పాత క్యాలెండరు వెనక పువ్వులు అద్దాలంటారు. అన్నిటికన్నా ముఖ్యం, కొబ్బరాకు వాచీ. అది అల్లడం ఇంట్లో ప్రసూనకొక్కదానికే వచ్చు. అమలాపురంలో పుట్టి పెరిగినందుకు ఆవిడ చేతిలో మిగిలిన విద్య అదొక్కటే.

"అమ్మా, రా!" అని డాబా మీంచి కేక.

"వస్తా తల్లీ, ఈ పనొక్కటీ అవ్వనీ" అని వంటింట్లోంచి జవాబు.

సాయంత్రానికి కొబ్బరాకు వాడిపోయేది, ఆదివారం పులిసిపోయేది. బంగారంలాంటి రోజు కళ్ళముందే పాడైపోతుంటే ఏ తల్లికి ప్రాణం ఒప్పుతుంది చెప్పండి!

వార్డు ఆఫీసు నుంచి నిలవల ఇన్‌స్పెక్టరు సుబ్బారాయుడు వచ్చి దగ్గరుండి నేర్పించాడు. పద్ధతి దాదాపు ఆవకాయదే. జాడీ నిప్పులాంటి ఎండలో ఎండాలి. తడి చెయ్యి తగలకూడదు. పిల్లలు ఆటలో పడి మొదటిసారి పకపకా నవ్వగానే రోజును కోసెయ్యాలి, ఆలస్యమైతే ముదిరి పీచు పడుతుంది. కోసిన రోజుకి తొడిమ తీసి, సొన శుభ్రంగా తుడిచి, ఉప్పూ ఆవపిండీ కలిపి, పైన నూనె తేలేలా పోసి వాసెన కట్టాలి. మూడో రోజున తిరగ కలపాలి. ఆదివారానికి తొడిమంటే మరేం కాదు, "అమ్మా, రా" అన్న ఆ పిలుపు.

"అది కూడా తీసెయ్యాలాండీ?" అంది ప్రసూన.

"ఆయ్, తీసెయ్యాలండి. తడంతా దాంట్లోనే ఉంటదండి. ఒక్క పిలుపు ఉండిపోయిందంటే జాడీ జాడీ అంతా బూజు పట్టేస్తది. తర్వాత మమ్మల్ననుకుని లాభం లేదండి."

ప్రసూన ఆయన చాపిన కాయితం మీద సంతకం పెట్టింది.

పిల్లలకి దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు. నవ్వుతున్న వాళ్ళు నవ్వుతున్నట్టే సోమవారం పొద్దున యూనిఫాంలో తేలేవారు. మొదట్లో లోహిత ఉత్త మణికట్టు చూసుకుని, "అమ్మా, నా వాచీ ఏదీ?" అని అడిగేది. "జాడీలో ఉంది బంగారం, మనకోసమే దాచా" అనేది ప్రసూన. పోనుపోను అడగడం మానేసింది. పిల్లలు సోమవారం బద్ధకం లేకుండా వస్తున్నారని స్కూలువాళ్ళు మెచ్చుకుంటూ కబురంపారు.

ఒకే ఒక్కసారి పొరపాటు జరిగింది. వంశీ నవ్వుతూ నవ్వుతూ రంగు డబ్బా తన్నుకుని పడి ఏడ్చాడు. చక్రధర్ ఆ తడి చూసుకోకుండా కోసేశాడు. పదిరోజులకల్లా జాడీలో తెల్లగా బూజు. సుబ్బారాయుడు వచ్చి మొహం చిట్లించి దాన్ని కాలవలో పారబోయించాడు. ఆ పూట ప్రసూన అన్నం ముట్టలేదు. ఏడవడం కూడా జాడీలున్న అటక దగ్గర కాకుండా బాత్రూంలోకెళ్ళి ఏడ్చింది. మిగతా జాడీల క్షేమం చూసుకోవాలి కదా.

కింద వాటాలో మంగతాయారు సంసారం మాత్రం వేరు. వచ్చిన ఆదివారం వచ్చినట్టే మొగుడూ పెళ్ళాం పిల్లలూ కలిసి తినేసి వేళ్ళు నాకేసుకుంటారు. ఒంటినిండా మట్టి, గోడలనిండా బెండకాయ పువ్వులు, ఒకటే గోల. వార్డువాళ్ళు వచ్చి బుద్ధులు చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు. ఏమాత్రం ముందుచూపు లేని మనిషని వీధి వీధంతా జాలిపడేది. "అమ్మా, రా" అని ఆ పిల్లలు అరిచినప్పుడల్లా ప్రసూన లేచి కిటికీ తలుపు వేసేది.

ప్రమోషన్ రాగానే జాడీలు తీద్దామనుకుంది. వచ్చింది. లోహిత ఈ క్లాసు గట్టెక్కనీ అనుకుంది. గట్టెక్కింది. అటక నిండిపోయి, కొత్త జాడీకి చోటు లేదని తేలిన రోజున ఇక ఆగలేకపోయింది. లోహితకి పన్నెండేళ్ళు అప్పుడు. చక్రధర్‌కి ఆ ఆదివారం డ్యూటీ. "నా వంతు ఉంచు" అని ఫోన్లో చెప్పాడు.

సుబ్బారాయుడు డాబా మీద మొట్టమొదటి జాడీ సీలు విప్పాడు. ప్రసూన పొడిగుడ్డతో చేతులు తుడుచుకుని నూనె పక్కకి నెట్టింది. అబ్బ, ఏమి రోజది! అదే ఎండ, అవే రంగు డబ్బాలు, అదే పచ్చటి కొబ్బరాకు. ముందుపన్ను ఊడిన ఐదేళ్ళ లోహిత, నిక్కరు జారిపోతున్న వంశీ. ప్రసూన సంతోషంతో పిట్టగోడ పక్కనే చతికిలబడింది. చిక్కుడు గింజలు పాతుతున్న పిల్లల్ని కళ్ళారా చూసుకుంటూ పిలుపు కోసం కూచుంది.

వాళ్ళు పిలవలేదు. గింజలు పాతారు, పువ్వులు అద్దారు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుకున్నారు. ఎంతసేపటికీ ఇటు తిరగలేదు. చివరికి తనే దగ్గరికెళ్ళి, "వాచీ అల్లిపెట్టనా తల్లీ?" అంది.

పిల్ల తలెత్తి చూసింది. "అల్లండి" అంది.

ప్రసూన అల్లింది. చెయ్యి మర్చిపోలేదు. చిన్న మణికట్టుకి కట్టింది. "థాంక్సండీ" అని పిల్ల మళ్ళీ మట్టిలోకి వంగింది.

"రుచి తగ్గినట్టుందండి" అంది ప్రసూన.

"తొడిమ తీశాం కదండి మరి. తీసినప్పుడల్లా అందరూ ఇదే మాటండి" అన్నాడు సుబ్బారాయుడు. "కానీ ఆకు చూడండి, ఎంత పచ్చగా ఉందో! నిలవంటే అదండి."

ప్రసూన మిగిలిన కొబ్బరాకు పట్టుకుని గబగబా కిందికి దిగింది. పన్నెండేళ్ళ లోహిత బల్ల దగ్గర పుస్తకాల్లో మునిగి ఉంది.

"లోహితా, రావే! డాబా మీదికి పోదాం. వాచీ అల్లిపెడతా, చిక్కుళ్ళు పాతుదాం. అమ్మ పిలుస్తోంది కదా, రావే!"

లోహిత తల్లి మొహం చూసింది. మంచి పిల్ల, జాలేసింది.

"రేపు టెస్టుందమ్మా. అయినా ఇంత మంచి రోజు పాడుచేసుకోవడమెందుకు? ఉండు" అని లేచింది. వంటగట్టు కిందనుంచి ఖాళీ జాడీ తీసింది. చున్నీ కొంగుతో రెండు చేతులూ, వేళ్ళ సందులతో సహా, తడి లేకుండా తుడుచుకుంది. అచ్చం తనలాగే తుడుచుకుంటున్న కూతుర్ని చూసి ప్రసూనకి మురిపెం ఆగలేదు. పకపకా నవ్వింది.

ప్రసూన సోమవారం పొద్దున వంటింట్లో తేలింది. ఒంటికి ఏ ఇబ్బందీ లేదు. చేతిలో లంచ్ బాక్సు ఉంది. గట్టు మీద కొత్త జాడీ, నూనె చుక్క ఒలకకుండా, వాసెన ముడి జారకుండా, చూడ ముచ్చటగా ఉంది. పిల్లకి పనితనం వచ్చేసిందని తృప్తిపడింది. వాకిట్లో స్కూలు బస్సు హారను మోగింది. కూతుర్ని పిలుద్దామని నోరు తెరిచింది. ఏమని పిలవాలో గుర్తు రాలేదు.

"బాక్సు తీసుకోండి" అంది.

లోహిత తీసుకుని బ్యాగులో పెట్టుకుంది.