ఇరవై నాలుగు చేపలు, నలుగురు మనుషులు

పొద్దున్న ఆరున్నరకి పెందుర్తిలో ఇల్లు కదిలేటప్పటికే దుర్గారావు ఆ రోజు లాభనష్టాలు బేరీజు వేసుకున్నాడు. పాఠం నలభై నిమిషాలు. ప్రశ్నలు పన్నెండు, జవాబులు పన్నెండు. ప్రశ్నలు తన దగ్గర ఉన్నాయి, జవాబులు పిల్లల దగ్గర ఉన్నాయి. ఎందుకంటే క్రితం వారమే "ఊరికే చూసి పోదామని వచ్చాను" అంటూ ఆ బడికి వెళ్ళి, అయిదో తరగతి చేత పాఠమంతా ఒకసారి అప్పజెప్పించుకుని వచ్చాడు. సరుకు చూసుకోకుండా సంతకి వెళ్ళే రకం కాదు ఆయన.

దుర్గారావు టీచర్ ట్రైనింగ్ కాలేజీలో లెక్కల లెక్చరర్. పాఠం ఎలా చెప్పాలో కాబోయే టీచర్లకి పందొమ్మిదేళ్ళుగా చెబుతున్నాడు. ఆయన చిన్నపిల్లలకి పాఠం చెప్పి కూడా సరిగ్గా పందొమ్మిదేళ్ళయింది. ఈ ఏడాది టీచర్లని తయారుచేసేవాళ్ళకే అయిదు రోజుల శిక్షణ పెట్టారు. ఆఖరి రోజుకి ఒక మెలిక ఉంది. లెక్చరరు నిజమైన బడిలో, నిజమైన పిల్లలకి పాఠం చెప్పాలి. ఆయన దగ్గర చదువుకునేవాళ్ళే వెనక బెంచీలో కూర్చుని పరిశీలన రాయాలి. తప్పినవాడు ప్రాక్టీస్ టీచింగ్ ఇన్‌చార్జి పదవి వదులుకోవాలి. ఎవరి పాఠం పాఠమో, ఎవరిది కాదో తేల్చే కలం ఆ పదవితోనే వస్తుంది. ఆ కలం లేని దుర్గారావుని దుర్గారావే ఊహించుకోలేడు.

సముద్రం ఒడ్డు పేటలోని మునిసిపల్ బడి గేటు దగ్గరకి చేరేసరికి సాటి లెక్చరర్ జగ్గారావు లోపలినుంచి వస్తూ కనిపించాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఏటి బావా, అలా తడిసిపోయావ్?"

"యాపిల్ పండు బావా, యాపిల్ పండు! ముక్కలు సేసి భిన్నాలు సెప్పినాను. 'ఈ పేటలో యాపిల్ చెట్టు ఎక్కడుందండీ?' అని అడిగిందా హిమబిందు మేడం. ఉదాహరణలు పిల్లల బతుకులోంచి రావాలట. నా కత అయిపోనాది."

దుర్గారావు చంకలోని చార్టు ఒక్కసారిగా బరువెక్కింది. దాని మీద ఇరవై నాలుగు మామిడిపళ్ళు, నాలుగు బుట్టలు ఉన్నాయి. యాపిల్‌కి పట్టిన గతి మామిడికి పట్టదని ఎవరు హామీ ఇస్తారు? గంట కొట్టడానికి పది నిమిషాలుంది. తన విద్యార్థుల్లో ఈశ్వరి బొమ్మలు బాగా వేస్తుంది. ఆమెది ఆ పేటే, చేపలవేట కుటుంబం. రెండు వారాల కిందట ఆమె పాఠం మీద ఆయన ఎర్ర సిరాతో 'గోల ఎక్కువ, మళ్ళీ చెప్పవలెను' అని రాశాడు.

"ఈశ్వరీ, స్కెచ్ పెన్ను తే. ఈ పళ్ళకి తోకలు గియ్యి, కళ్ళు పెట్టు. బుట్టలకి కాళ్ళూ చేతులూ తగిలించు. ఇరవై నాలుగు చేపలు, నలుగురు మనుషులు."

ఈశ్వరి కదల్లేదు. "సేపలొద్దు సార్. ఇక్కడ సేపలు పంచడం..."

"టైం లేదమ్మా."

"అది కాదు సార్, మనుషుల్ని లెక్కెట్టి పంచరు..."

"మళ్ళీ చెప్పమన్నానన్న కోపం ఇప్పుడు తీర్చుకుంటన్నావా?"

ఈశ్వరి పెన్ను మూత తీసింది. తోకలు గీసింది. చేపలు పసుపుపచ్చగా, గుండ్రంగా తయారయ్యాయి.

తరగతి వెనక, శిక్షణ తరఫున పాఠాలకి తీర్పు చెప్పే హిమబిందు మేడం కలం తెరిచి కూర్చుంది. ఆమె పక్కన పన్నెండుమంది విద్యార్థులు, పన్నెండు కాగితాలు. మొదటి మూడు ప్రశ్నలు తక్కెట్లో పెట్టినట్టు సమంగా నడిచాయి. దుర్గారావు గొంతులోకి ధీమా వచ్చింది.

"నలుగురు మనుషులు పడవలో వేటకెళ్ళారు. ఇరవై నాలుగు చేపలు పడ్డాయి. సమానంగా పంచుకుంటే ఒక్కొక్కరికి ఎన్ని? ఆశా, నువ్వు చెప్పు."

క్రితం వారం బుట్టకి ఆరు పళ్ళని గంట కొట్టినట్టు చెప్పిన పిల్ల ఆశ. ఇప్పుడు లేచి, చార్టుకేసి చూసి, తల గోక్కుంది.

"పడవెవులిది సార్?"

"ఎవరిదైతేనేం? ఎన్ని?"

"అలాగెలాగ సార్? పడవకి ఓ పాలుండాలి కదా."

"వలకీ ఉండాలి!" అన్నాడు అప్పలరాజు. వాళ్ళ తాతకి సొంత పడవా, వలా ఉన్నాయి.

"ఇంజనుకి లేదేటి?" అంటూ సొహైల్ లేచాడు. వాళ్ళ నాన్న పడవల ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ. "మా అబ్బా సెయ్యెట్టకపోతే ఒక్క పడవా ఒడ్డు దాటదు సార్."

దుర్గారావు నవ్వాడు. "పడవ మనిషా? వల మనిషా? మనం మనుషులకే పంచుతున్నాం."

"అయితే ఆ నలుగుర్నీ ఈదుకుంటా ఎల్లమనండి సార్!" అన్నాడు అప్పలరాజు. తరగతి గొల్లుమంది.

ఆ పేటలో వేట పంచేది తలలు లెక్కపెట్టి కాదు, పాళ్ళు లెక్కపెట్టి. మనిషికో పాలు, పడవకో పాలు, ఇంజనుకో పాలు. అంతవరకూ పేచీ లేదు. వలకి ఒకటా, రెండా అన్న దగ్గరే తగువు. అది ఎన్ని తరాలుగా నడుస్తోందో పేటలో ఎవరికీ గుర్తులేదు. ఆ తగువుకి ఇప్పుడు సుద్ద, నల్లబల్ల, మేడం సహా సకల సౌకర్యాలూ దొరికాయి.

బెంచీలు రెండు వర్గాలయ్యాయి. మధ్యాహ్న భోజనం వండే నూకాలు గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది.

"వలకి రెండు పాళ్ళేటి? ఎవులు సెప్పినారు? మా ఆయన ముప్పయ్యేళ్ళు వేటకెళ్ళాడు, నాకు తెల్దా? ఒక్కటే!"

"సిరిగిన వల కుట్టేదెవులప్పా? రెండు!" కిటికీ అవతల వల బాగుచేసుకుంటున్న పెద్దమనిషి లోపలికి తల దూర్చాడు. అతని వెనక ఇంకో ముగ్గురు.

"నువ్వు కుడతన్నావా, నిద్దరోతన్నావా?"

హిమబిందు మేడం తలెత్తకుండా రాస్తోంది. ఆ కలం కదిలినప్పుడల్లా దుర్గారావుకి తన పదవి అంగుళం అంగుళం తెగుతున్నట్టుంది. పన్నెండు ప్రశ్నల సరుకు నాలుగో ప్రశ్న దగ్గర ఇరుక్కుంది. ఇంకా ఇరవై రెండు నిమిషాలుంది. అరుద్దామా? అరిచిన టీచరుకి సున్నా వేసేది తనే. చార్టు చుట్టేసి బయటికి నడుద్దామా? అదీ సున్నాయే. పన్నెండుమంది చూస్తూండగా ఆయన వెనక బెంచీ దాకా నడిచి వంగాడు.

"ఎన్ని పాళ్ళమ్మా?"

"నన్నడుగుతారేటి సార్?" అంది ఈశ్వరి. "సుద్దముక్క ఆళ్ళకే ఇచ్చీండి. ఎవులి లెక్క ఆళ్ళు ఏసుకుంటారు."

కొట్టు తాళంచెవి బాటన పోయేవాడి చేతిలో పెట్టినట్టే అనిపించింది. అయినా ఇచ్చాడు.

సొహైల్ నల్లబల్ల మీద రాశాడు. నలుగురు మనుషులు, పడవ, వల, ఇంజను, మొత్తం ఏడు పాళ్ళు. పాలుకి మూడు చేపలు, ఇంకా మూడు మిగిలాయి. అప్పలరాజు పక్కనే వలకి రెండు వేసి ఎనిమిది పాళ్ళు చేశాడు. పాలుకి మూడు, మిగిలింది సున్నా.

"సూసారా సార్! నా లెక్కే సరిగ్గా తెగిపోనాది!"

"నా లెక్కలో మిగిలినియ్యి కూరకి!" అన్నాడు సొహైల్.

"ఎవులింట్లో కూరకి?" కిటికీలోంచి ప్రశ్న వచ్చింది. మళ్ళీ రేగింది గోల. దుర్గారావు చెయ్యి డస్టర్ మీదకి వెళ్ళింది. ఒక్క తుడుపుతో రెండు లెక్కలూ పోతాయి. అంతలో ఆశ బల్ల దగ్గరకి వెళ్ళి రెండు లెక్కల మీదా వేలు పెట్టింది.

"ఆగండెహె! ఏడు పాళ్ళైనా మనిషికి మూడే. ఎనిమిదైనా మనిషికి మూడే. మరింకేటి? మీ తగువంతా ఆ మిగిలిన మూడు సేపల కోసమేనా?"

నూకాలు గరిటె కిందికి దిగింది. కిటికీ అవతల ఒకతను మెల్లగా, "అయితే బావా, ఆ రోజు మనం కొట్టుకున్నది..." అన్నాడు. "నువ్వు మాటాడకు," అన్నాడు బావ.

గంట మోగింది.

హిమబిందు మేడం కాగితాలు సర్దుకుని ముందుకు వచ్చింది. "పాఠం పేరు 'శేషం లేని భాగహారం'. పన్నెండు ప్రశ్నల్లో మీరు అడిగినవి నాలుగు. నాలుగోదానికి మీరనుకున్న జవాబు రాలేదు."

దుర్గారావు మనసులోనే పదవి తూచి అప్పగించేశాడు.

"కానీ ఆఖరి ఇరవై నిమిషాలు మీరు నోరు విప్పలేదు. శేషం అంటే ఏమిటో, దానికోసం మనుషులు ఎందుకు కొట్టుకుంటారో పిల్లలే తేల్చారు. ఇరవై నాలుగు అన్న అంకె ఇందుకోసమే ఎంచుకున్నారా?"

ఔనంటే చాలు. పెట్టుబడి లేని లాభం. పన్నెండు కలాలు ఆగాయి. ఈశ్వరి నేలకేసి చూస్తోంది. దుర్గారావు ఆ లాభాన్ని ఒకసారి చేత్తో తూచినట్టు చూసుకున్నాడు.

"లేదండీ," అన్నాడు. "మామిడిపళ్ళకి తోకలు పెట్టించాను. ఈ అమ్మాయి వద్దంది, వినలేదు. జవాబులు కూడా క్రితం వారమే పిల్లలకి నేర్పేశాను."

"తెలుసు," అంది హిమబిందు. "ఒక చేపకి ఆకూ తొడిమా ఉన్నాయి. మొదటి మూడు జవాబులూ మీ ప్రశ్నలు పూర్తికాకముందే వచ్చాయి. ఇప్పుడు ఔనని ఉంటే పదవి ఇక్కడే రాసిచ్చి వెళ్ళాల్సి వచ్చేది."

ఆవిడ సంతకం పెట్టింది. పదవి ఉంటుంది. షరతు ఒక్కటే. వారానికో రోజు, గురువారం, ఆయనే ఈ తరగతికి పాఠం చెప్పాలి. విద్యార్థులు వెనక కూర్చోవాలి.

గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న హెడ్మిస్ట్రెస్ చంద్రిక కలం వెతుక్కుంటూ ఆఫీసు గదిలోకి వెళ్ళింది. ఆ తరగతికి లెక్కల టీచరు లేక ఎనిమిది నెలలైంది. దుర్గారావు చార్టు చుట్టుకుని అటుగా వచ్చేసరికి గోడ మీది టైంటేబుల్లో గురువారం గడిలో సిరాతో ఆయన పేరుంది. శుక్రవారం గడిలో కూడా సిరాతోనే ఉంది. శనివారం గడిలో మాత్రం పెన్సిలుతో ఉంది.

కొసరు అడగడం ఏ శిక్షణలోనూ నేర్పరు.