హెప్సిబమ్మ ఇంటి స్లాబు

యూదుల మూడో దేవాలయం యెరూషలేములో కాకుండా వేటపూడి పేదల కాలనీలో, నలభై ఏడో నంబరు ప్లాటులో, రొయ్యల షెడ్డులో పనిచేసే హెప్సిబమ్మకు ప్రభుత్వం ఇచ్చిన సెంటున్నర స్థలంలో లేస్తోందన్న సంగతి, గోడలు లింటెల్ ఎత్తుకు వచ్చాక గాని మండల ఇళ్ల ఆఫీసుకు తెలియలేదు. తెలిశాక కూడా వాళ్లు పెద్దగా ఆశ్చర్యపోలేదు. పునాది ఫొటో ఎక్కించారా లేదా అని మాత్రం అడిగారు. ఎక్కించారు. అయితే పర్వాలేదన్నారు.

పొరపాటు ఎక్కడ జరిగిందో అందరికీ తెలుసు గాని, దాన్ని పొరపాటనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ ఊరి విశ్వాసులు ఇల్లు మొదలుపెట్టేటప్పుడు పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తారు. ఆయన ప్రార్థిస్తుండగానే మేస్త్రి దారం కట్టి ముగ్గు పోస్తాడు. అందరూ ఆమేన్ అన్నాక ఆ గీతను ఇక జరపరు. పాస్టరు జకర్యాగారిది ఒక అలవాటు. ఇరవై ఏళ్లుగా పెళ్లికి పిలిచినా, పుట్టినరోజుకి పిలిచినా చివరికి అంత్యదినాల దగ్గరికే వస్తారు. యెరూషలేములో రెండుసార్లు కూలిన దేవాలయం మూడోసారి కట్టడం, ఆ వెనక లోకం ముగిసిపోవడం ఆయనకు కంఠతా వచ్చు. ఆ రోజు కూడా హెప్సిబమ్మ రెండు గదులనూ ఆశీర్వదించబోయి, బైబిల్లో ప్రవక్త చెప్పిన ఆ దేవాలయం కొలతల్లోకి జారిపోయారు. ఇన్ని మూరల పొడవు, ఇన్ని మూరల వెడల్పు, తూర్పు గుమ్మం, లోపలి ఆవరణ. మేస్త్రి దానియేలు చెప్పిన మాట వినే మనిషి. అయ్యగారు కళ్లు మూసుకుని చెప్పిన ప్రతి కొలతకూ కళ్లు తెరుచుకుని దారం కట్టాడు. అందరూ ఆమేన్ అన్నారు.

అన్నేసి మూరలు సెంటున్నరలో ఎలా పట్టాయని అడిగినవాళ్లు లేరు. ఆ కాలనీలో ఎనిమిదేసి మంది ఉన్న కుటుంబాలు కూడా సెంటున్నరలోనే పట్టాయి. బయటి నుంచి చూస్తే నలభై ఏడో నంబరు నలభై ఆరులాగే ఉంటుంది. లోపలికి వెళితే మాత్రం వంటగది అనుకున్న చోటికి చేరడానికి పావుగంట నడవాలి. హెప్సిబమ్మకు మోకాళ్ల నొప్పులు. సగం దూరం నడిచి, లోపలి ఆవరణ గట్టు మీద కూలబడి, రొయ్యలు ఒలిచి చీలిన వేళ్లు ఒకసారి చూసుకుని మళ్లీ లేచేది. "ఇరుకు స్థలం ఇచ్చారని గొణిగాను తండ్రీ, తప్పయిపోయింది" అనుకునేది.

ఆమెకు కావలసింది ఒక్కటే, నెత్తిన ఒక కప్పు. కాలవ గట్టు వెడల్పు చేసేటప్పుడు ఆమె గుడిసె తీసేశారు. అప్పటినుంచి ప్లాటు ఎదుటే నాలుగు కర్రలు పాతి, పైన నీలం బరకం కట్టుకుని ఉంటోంది. వాన వస్తే బరకం మధ్యలో నీళ్లు నిలుస్తాయి. లోపలి నుంచి చీపురుకర్రతో ఎత్తి కొట్టి ఆ నీళ్లు బయటికి తోయాలి.

గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు కుసుమ లింటెల్ ఫొటోకి వచ్చింది. గోడ ముందు లబ్ధిదారును నిలబెట్టి ఫొటో తీసి ఫోనులో ఎక్కించింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఈ కట్టడము మూడవ దేవాలయముగా గుర్తించబడినది, స్లాబు పోసిన తేదీ నుండి యుగాంతము అమలులోకి వచ్చును అని ఉంది. కింద 'సరే' అన్న మీట ఒక్కటే ఉండడంతో కుసుమ దాన్నే నొక్కింది.

"ఏవొచ్చిందమ్మాయ్?" అంది హెప్సిబమ్మ.

"లింటెల్ ఓకే అయింది పిన్నీ. స్లాబు పోస్తే లోకం అయిపోద్దంట."

"అయితే స్లాబుకి ఇనుము ఎప్పుడిస్తారు?"

ఇనుము, సిమెంటు పదిరోజుల్లో వచ్చేశాయి. కాలనీ చరిత్రలో అంత త్వరగా ఎవరికీ రాలేదు. అప్పుడు ఊరంతటికీ కంగారు పుట్టి మండలాఫీసులో సమావేశం పెట్టారు. పాస్టరుగారు ఆనందంతో రెండు చేతులూ పైకెత్తారు. "నా జీవితకాలంలోనే! నా కళ్లముందే! హల్లెలూయా!" అన్నారు. మరి స్లాబు ఎప్పుడు పోయమంటారని తహసీల్దారు అడిగితే, ఆయన కాసేపు కండువా సర్దుకున్నారు. మే నెలలో వాళ్లమ్మాయి పెళ్లి ఉంది. చర్చి పై అంతస్తు సగంలో ఉంది. "ప్రభువు రాకడ కొంచెం ఆలస్యమైతే అది ఆయన దీర్ఘశాంతమే గదండీ" అన్నారు. రైతులు మిరప కోత అవనీయమన్నారు. హైస్కూలు హెడ్మాస్టరు పదోతరగతి పరీక్షలన్నారు. తహసీల్దారుకు రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుంది. లోకం ముగియకూడదని ఎవరూ అనలేదు, ఎవరి విశ్వాసం వాళ్లకుంది. ఈ నెల వద్దన్నారంతే. స్లాబు మినహా మిగతా పనులన్నీ చేసుకోవచ్చునని, ఇందుకు లబ్ధిదారు పేర ఏటా ప్రార్థనలతో కృతజ్ఞతా కూడిక పెట్టాలని తీర్మానం చేశారు.

"నీకేం తక్కువమ్మా, దేవుడి ఇల్లే నీ ఇల్లయింది" అన్నారు పాస్టరుగారు, బయటికి వచ్చాక.

"నిజమే అయ్యగారూ. దేవుడు తడవడు గదా, నేనే తడుస్తున్నాను."

"నీకోసం ప్రార్థిస్తానమ్మా" అని ఆయన అక్కడే నిలబడి ప్రార్థించారు. మనస్ఫూర్తిగానే ప్రార్థించారు. హెప్సిబమ్మకు నిజంగానే ధైర్యం వచ్చింది.

సంబంధిత వర్గాల అభిప్రాయం తీసుకోవాలన్న నియమం ఉంది గనుక ఆఫీసువారు యెరూషలేముకు కూడా ఒక లేఖ రాశారు. అక్కడినుంచి ఒక ముసలి యూదు పండితుడు జవాబిచ్చాడు. కొలతలు సరిపోయాయన్నాడు. మా దేవాలయం గురించి మాకన్నా మీరే ఎక్కువ హడావుడి పడుతున్నారు, సంతోషం అన్నాడు. చివర, ఆ ఇంటావిడ ప్రస్తుతం ఎక్కడ పడుకుంటోంది అని అడిగాడు. మొదటి రెండు అంశాలూ రికార్డులోకి ఎక్కించి, మూడోది విషయానికి సంబంధించనిదని రాసి ఫైలు కట్టేశారు.

వాన చినుకులు మొదలయ్యే ముందు దానియేలు ఆమె దగ్గరికి వచ్చాడు. గీత ఆ రోజు తనే గీశాడన్న బాధ అతనికి ఉంది.

"అక్కా, తీర్మానాలదేవుంది. ఇనుము ఉంది, సిమెంటు గడ్డ కట్టకముందే పని కానిద్దాం. నువ్వు ఊఁ అను, రేపే సెంట్రింగ్ చెక్కలు కొడతాను."

హెప్సిబమ్మ గోడల వంక చాలాసేపు చూసింది. ఒక్కరోజు పని. లోకం ఉన్నా పోయినా, ఆ ఒక్కరోజైనా తన కప్పు కింద నడుం వాల్చవచ్చు. ఆశ పుట్టింది, కడుపులోంచి పుట్టింది. సరిగ్గా అప్పుడే కుసుమ ఏడోనెల పొట్టతో, గొడుగు పట్టుకుని ఆయాసపడుతూ వీధిలో వెళుతూ కనిపించింది.

"ఆ పిల్ల పురుడు కానీరా. పసిబిడ్డ మొహం చూసుకోనీ" అంది హెప్సిబమ్మ. సిమెంటు గడ్డ కట్టింది. తర్వాతి ఏడు పాస్టరుగారి అమ్మాయి పురుడు. ఆపై ఏడు నలభై ఆరో నంబరువాళ్ల అమ్మాయికి నర్సింగులో సీటు వచ్చింది, చదువు మొదలైనా కావాలి గదా.

మూడో ఏటి కృతజ్ఞతా కూడిక ప్లాటు ముందే జరిగింది. షామియానా వేసి, కోడికూర భోజనాలు పెట్టారు. పంటలు పండినందుకు, పిల్లలు పాసైనందుకు, లోకం ఉన్నందుకు అందరూ సాక్ష్యాలు చెప్పారు. కొంతమందికి కళ్లనీళ్లు తిరిగాయి. హెప్సిబమ్మకు శాలువా కప్పి, కొత్త బరకం బహూకరించారు. సాక్ష్యం చెప్పమంటే ఆమె లేచి, "పాతదానికి చిల్లులు పడ్డాయి. సమయానికి ఇచ్చారు. దేవునికి స్తోత్రం" అని కూర్చుంది.

కుసుమ చంకలో రెండేళ్ల పాపతో ఏటేటా తీసే ఫొటో తీసింది. ఫోను వంక చూసి ఆగిపోయింది.

"స్లాబు ఎందుకు పడలేదని కారణం అడుగుతోంది పిన్నీ. మూడే ఉన్నాయి. వాతావరణం బాగాలేదు, మేస్త్రి దొరకలేదు. ఆ రెండూ పోయిన రెండేళ్లూ వాడేశాను, మళ్లీ పెట్టనివ్వదు."

"మూడోది?"

కుసుమ తలెత్తలేదు. "లబ్ధిదారుకు ఆసక్తి లేదు."

హెప్సిబమ్మ పాప బుగ్గ పుణికి, "దాన్నే పెట్టమ్మా. నా మూలంగా నీ ఉద్యోగానికి మాట రాకూడదు" అంది.

కుసుమ పెట్టింది. సరే అని వచ్చింది. అంతలో మబ్బు పట్టడంతో పాస్టరుగారు ఆశీర్వాదం త్వరగా ముగించేశారు. జనం కుర్చీలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తారు. పాప తడవకుండా కుసుమ కూడా ఇల్లు చేరిందని దానియేలు వచ్చి చెప్పాక, హెప్సిబమ్మ కొత్త బరకం కింద మోకరించి, చీపురుకర్ర పక్కన పెట్టుకుని, దేవునికి కృతజ్ఞతలు చెల్లించింది.