అన్న చేతుల మీదుగా రిపోర్టు

"మీ నెత్తురు చుక్క గూడ వృథా పోనియ్య!" అని సాతంరాయి ఉచిత వైద్య శిబిరంలో మల్లేశ్వరన్న ప్రకటించగానే చప్పట్లు మోగాయి. పదవి లేనప్పుడే ఇంత సేవ చేసే మనిషి, పదవి వస్తే ఇంకెంత చేస్తాడోనని జనం మురిసిపోయారు. శోభ మాత్రం మురవడం మరిచి, కూతురు ప్రియదర్శిని చేతికి గుచ్చిన సూదినే చూస్తోంది.

పిల్ల కాలేజీలో రెండుసార్లు కళ్లు తిరిగి పడింది. టిఫిన్ తినకపోతే పడదా అన్నారు అందరూ. శోభ తన ఏడో తరగతి చదువుకు తెలిసిన పెద్ద జబ్బులన్నీ వరసపెట్టి పిల్లకు అంటగట్టేసింది. భయపడటంలో తనకు సాటి లేరని ఆమే ఒప్పుకుంటుంది. విమానం కిందుగా పోతే ఇంటి మీదే పడుతుందని స్టవ్ ఆపేసి వాకిట్లోకి ఉరుకుతుంది. ఎయిర్‌పోర్టు పక్కన కాపురం కనుక ఆ ఇంట్లో వంట ఎప్పుడూ ఆలస్యమే.

పిల్ల నెత్తురు తీసిన ట్యూబుకు శోభ ఓ నల్లదారం కట్టింది.

"గిదేందక్కా?" అన్నాడు అన్న అనుచరుడు ఉపేందర్, ట్యూబును నీలిరంగు ఐసుడబ్బాలో పెడుతూ.

"జర ఉండనియ్యి తమ్మీ. గింతమంది కండ్లు పడ్డయి, దిష్టి తగుల్తది."

రిపోర్టులు రేపంటే రేపన్నారు. రాలేదు. శోభ పార్టీ ఆఫీసుకు పోయింది.

"ఎప్పుడో తయారైనయక్కా. అన్న చేతుల మీదుగనే ఇయ్యాలె. అన్న ఢిల్లీల ఉన్నడు," అన్నాడు ఉపేందర్.

"మంచిగ ఉందా లేదా, గంత చెప్పు తమ్మీ."

"గట్ల ముందే లీకైతే ప్రోగ్రాం ఖరాబ్ గాదా?"

శోభకు ఖాయమైపోయింది. అంత పెద్ద జబ్బు కనుకనే అన్న ఢిల్లీ దాకా పోయాడు! ఎల్లమ్మకు మొక్కిన కోడిని ఆ సాయంత్రమే మేకకు పెంచింది. విమానం పోతే ఇప్పుడు స్టవ్ ఆపడం లేదు. అన్న అందులో ఉన్నాడేమోనని దండం పెడుతోంది.

చివరికి కబురొచ్చింది. రిపోర్టు కావలసినవాళ్లు పూలదండతో ఎయిర్‌పోర్టు రోడ్డు మీద నిలబడాలి. దండ లేనివారికి రిపోర్టు లేదు. మిట్టమధ్యాహ్నం అన్న కారు దిగాడు. దండలు వేయించుకున్నాడు, ఫొటోకు సరిపడా నవ్వాడు, కవర్లూ లడ్డూలూ పంచాడు.

శోభ కవరును కళ్లకద్దుకుంటుంటే ప్రియదర్శినే లాక్కుని చించి చదివింది. "అన్నీ నార్మలే అమ్మా!"

శోభ నడిరోడ్డు మీద భోరుమంది. మేకను మళ్లీ కోడికి దించితే ఎల్లమ్మ ఏమైనా అనుకుంటుందా అని కూడా ఆ ఏడుపులోనే ఆలోచించింది.

పక్కింటి జంగమ్మ ఏళ్లుగా షుగర్ గోలీలు మింగుతోంది. ఆమె కవర్లోనూ నార్మలే. "అన్న చెయ్యి తగిల్తె షుగరే పోయింది సూడు!" అంటూ జంగమ్మ రెండో లడ్డూ అందుకుంది.

ఇంతలో ఎండకు ప్రియదర్శిని తూలింది. శోభ ఒక చేత్తో పట్టుకుని, "నీళ్లు! జర నీళ్లియ్యిండ్రి!" అని అరిచింది.

"గా డబ్బాల సల్లటియి ఉన్నయి, తీస్కో అక్కా," అన్నాడు ఉపేందర్.

నీలిరంగు ఐసుడబ్బా. శోభ చెయ్యి పెట్టి వెతికింది. నీళ్ల సీసాల అడుగున, కరిగిన ఐసులో, వేలికేదో చుట్టుకుంది. పైకి లాగింది. నల్లదారం. దాని కొసన ట్యూబు.

మైకులో అన్న గొంతు మోగింది. "మీ నెత్తురు చుక్క గూడ వృథా పోలే!"

అందరూ చప్పట్లు కొట్టారు. శోభ కొట్టలేకపోయింది. ఒక చేతిలో పిల్ల ఉంది, ఇంకో చేతిలో పిల్ల నెత్తురు.