లిఫ్టులో అతికించిన వికీ

ఆ సోమవారం ఉదయం మేనకోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి వికీ ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెట్టాలి, పన్నెండున్నరకల్లా ముగించాలి, ఒంటిగంటకు నిశ్చింతగా భోజనం చేయాలి.

ఆమె పనిచేసేది లిఫ్టులు మరమ్మతు చేసే ఒక చిన్న కంపెనీలో. యజమాని సొంత మేనమామ. కంపెనీ చూసుకునే లిఫ్టులు అరవై నాలుగు, మెకానిక్‌లు నలుగురు. వాళ్ళలో పెద్దాయనను అందరూ పానా బాబాయ్ అంటారు. ఇరవై రెండేళ్ళుగా చేతిలో పానా లేకుండా ఆయనను చూసినవాళ్ళు లేరు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనబడదు. ఏ లిఫ్టు ఎప్పుడు మొరాయిస్తుందో, ఏ తలుపును ఎక్కడ తడితే మాట వింటుందో అంతా ఆయన బుర్రలోనే ఉంది. ఇప్పుడా బుర్ర, మోకాలి ఆపరేషన్ కోసం నెల రోజులు సెలవు మీద వెళ్తోంది.

"వెళ్ళేలోపు ఆయనకు తెలిసిందంతా మనం దించేసుకోవాలి మావయ్యా," అంది మేనకోడలు. "మన వెబ్‌సైట్ ఉన్న సర్వర్‌లోనే ఒక వికీ పెడతాను. అంటే అందరం రాసుకుని, అందరం దిద్దుకునే పుస్తకం లాంటిది. లిఫ్టుకో పేజీ. మెకానిక్ ఎక్కడున్నా ఫోనులో చూసుకుంటాడు."

"పుస్తకమే కదా. ఒక రిజిస్టరు తెచ్చుకుంటే సరిపోదూ?"

"రిజిస్టరు ఒక్క చోటే ఉంటుంది. లిఫ్టులు ఊరంతా ఉన్నాయి."

మేనమామ ఒప్పుకున్నాడు. అందుకు ఇంకో కారణం కూడా ఉంది. ఆ అరవై నాలుగింటిలో పదహారు లిఫ్టులు ఎనిమిది బ్లాకుల అపార్టుమెంటు ఒక్కదానివే. దాని ఒప్పందం వచ్చే వారం గురువారంతో ముగుస్తుంది. అది చేజారితే మెకానిక్‌లలో ఇద్దరిని ఇంటికి పంపేయాల్సిందే. పానా బాబాయ్ లేకపోయినా అక్కడ పని నడుస్తుందని వాళ్ళకు నమ్మకం కలిగించాలి.

"ఇదిగానీ బెడిసికొట్టిందంటే నువ్వు మళ్ళీ ఫోన్లు ఎత్తే సీటులోకి వెళ్ళిపోవాలి," అన్నాడు మేనమామ నవ్వుతూనే. ఆ సీటులో ఆమె ఆరేళ్ళు కూర్చుంది. నవ్వలేదు.

వికీ సాఫ్ట్‌వేర్‌ను దించుకుంది, సర్వర్‌లోకి ఎక్కించింది, డేటాబేస్ తయారుచేసింది. అక్కణ్ణించి ఇన్‌స్టాలర్ ఒక్కో ప్రశ్నే అడగడం మొదలుపెట్టింది. వికీ పేరేమిటి, డేటాబేస్ ఎక్కడుంది, దాని పాస్‌వర్డ్ ఏమిటి, నిర్వాహకులు ఎవరు. అద్దెకు దిగబోయేవాళ్ళను ఇంటావిడ ఆరా తీసినట్టు తీసింది. మేనకోడలు ఓపికగా అన్నిటికీ జవాబులు చెప్పింది. మేనమామ టీ కప్పుతో వెనక నిలబడి చూస్తున్నాడు. చివర్లో ఇన్‌స్టాలర్ అసలు ప్రశ్న అడిగింది. ఈ వికీని అందరికీ తెరిచి ఉంచాలా, లోపలివాళ్ళకు మాత్రమేనా?

"తెరిచే ఉంచు," అన్నాడు మేనమామ. "మూసేస్తే మనవాళ్ళు లోపలికెలా వెళ్తారు?"

ఆయనకు వివరించడం కన్నా ఆయన చెప్పింది చేసి, తర్వాత మార్చుకోవడం తేలికని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. 'అందరికీ' అన్నది నొక్కింది. ఇన్‌స్టాలర్ ఒక సెట్టింగుల ఫైలు చేతిలో పెట్టి, దీన్ని సర్వర్‌లో పెట్టుకుంటే పని అయిపోయినట్టే అంది. మేనమామ కప్పు కడుక్కోవడానికి వెళ్ళగానే ఆమె వెనక్కి వెళ్ళి, 'లోపలివాళ్ళకు మాత్రమే' అన్నది నొక్కి, ఇంకో ఫైలు తెచ్చుకుంది. కంప్యూటరు ఈ రెండో ఫైలుకూ అదే పేరు పెట్టి, తేడా తెలియడానికి పక్కన బ్రాకెట్లో ఒకటి అని అంకె వేసింది. ఒకటి అని వేసి ఉన్నది మొదటి ఫైలే అయి ఉంటుందని ఆమె అనుకుంది. అలా అనుకోవడంలో ఆమె తప్పేమీ లేదు. అంకె లేని ఫైలును సర్వర్‌లో పెట్టింది.

వికీ తెరుచుకుంది. తాను లాగిన్ అయి ఉంది కాబట్టి అన్నీ కనబడ్డాయి. లాగిన్ కానివాళ్ళకు ఏం కనబడుతుందో ఒకసారి చూడాలని కూడా అనిపించింది గానీ, అప్పటికి ఒంటిగంట కావచ్చింది.

మంగళ, బుధవారాలు రెండు రోజులూ పానా బాబాయ్ కుర్చీలో కాలు చాపుకుని చెబుతూ పోయాడు, ఆమె టైపు చేస్తూ పోయింది.

"నేనేం చెప్పినా రాసేస్తావా అమ్మాయ్?"

"ఒక్క మాట కూడా వదలను బాబాయ్. మనవాళ్ళే కదా చదివేది."

దాంతో బాబాయ్ మనసు విప్పాడు. యంత్రాల గురించి చెప్పాల్సింది పది వాక్యాల్లో అయిపోయింది. ఆ తర్వాత మనుషుల గురించి చెప్పాడు. సి బ్లాకు మూడో అంతస్తులో రిటైరైన మాస్టారు ఉన్నారు, పని చేస్తుంటే వెనక నిలబడి పాఠం చెబుతారు, చేతికి టార్చిలైటు ఇస్తే అది పట్టుకుని ఊరుకుంటారు. డి బ్లాకు అయిదో అంతస్తు ఆవిడ లిఫ్టు కదలడం లేదని ఫోన్ చేస్తే, ముందు తలుపుకు అడ్డంగా ఆవిడ పూలకుండీ ఉందేమో చూడాలి. రెండో అంతస్తు కుక్క కరవదు, దాని యజమాని సంగతి చెప్పలేం. అపార్టుమెంటు సెక్రటరీ గారు ప్రతిదానికీ అడ్డం తిరుగుతారు, ముందు 'మీరు చెప్పిందే కరెక్టండీ' అనేసి, తర్వాత మన పని మనం చేసుకోవాలి. చివరగా, మన యజమాని ఫోనులో 'అరగంటలో మనిషి వస్తాడు' అన్నాడంటే కంగారు పడి పరిగెత్తనక్కర్లేదు, తీరిగ్గా రెండు గంటల్లో వెళ్ళవచ్చు.

మేనకోడలు ఒక్క మాట కూడా వదలలేదు.

గురువారం మేనమామకు కూడా ఒక ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచనలు తరచుగా రావు కాబట్టి వచ్చినప్పుడు వెంటనే అమలైపోతాయి. "ప్రతి లిఫ్టులోనూ ఒక స్టిక్కరు అతికిద్దాం. దాని మీద కోడ్ ఉంటుంది కదా, ఆ గళ్ళగళ్ళది. మెకానిక్ ఫోనుతో దాన్ని స్కాన్ చేస్తే ఆ లిఫ్టు పేజీ వచ్చేయాలి."

"మంచి ఆలోచనే మావయ్యా. బయటివాళ్ళు స్కాన్ చేసినా పాస్‌వర్డ్ అడుగుతుంది, భయం లేదు."

శుక్రవారం సాయంత్రానికి అరవై నాలుగు లిఫ్టుల్లోనూ, సరిగ్గా కంటి ఎదురుగా, స్టిక్కర్లు పడ్డాయి. లిఫ్టులో ఎక్కిన మనిషికి దిగేదాకా చేయడానికి పనేమీ ఉండదు. చేతిలో ఫోను మాత్రం ఉంటుంది.

అతికించి వచ్చిన మెకానిక్ మెచ్చుకున్నాడు కూడా. "చాలా తేలిగ్గా తెరుచుకుంటోందక్కా. ఏమీ అడగట్లేదు." మేనకోడలు ఆ మాటను పొగడ్తగానే తీసుకుంది.

శనివారం పానా బాబాయ్ మోకాలికి ఆపరేషన్ జరిగింది. సోమవారం ఉదయం ఆఫీసుకు వచ్చి, వికీలో ఇటీవలి మార్పుల పేజీ చూసిన మేనకోడలికి ఆశ్చర్యం వేసింది. సి బ్లాకు పేజీలో ఎవరో పదకొండు అక్షరదోషాలు దిద్దారు. 'టార్చి పట్టుకుని ఊరుకుంటారు' అన్న వాక్యం తర్వాత 'ఆ టార్చి కూడా ఆయన సొంతమేనని గమనించగలరు' అని చేర్చారు. రాసినవారి పేరు ఉండాల్సిన చోట అంకెలు ఉన్నాయి. ఆస్పత్రిలో ఏమీ తోచక బాబాయే ఫోనులో టైపు చేయడం నేర్చుకుని ఉంటాడనుకుని, ఆమె ఫోన్ చేసింది.

"బాబాయ్, సరిచేసింది చూశాను. చాలా చక్కగా కుదిరింది."

బాబాయ్ ఇంకా మందుల మత్తులో ఉన్నాడు. "అప్పుడే చూశావా తల్లీ? కట్టు కూడా విప్పలేదే."

"ఒక్కడివే చేశావా అంతా?"

"ఒక్కణ్ణెక్కడ చేస్తాను? పెద్ద డాక్టరు, ఇంకో ఇద్దరు డాక్టర్లు కలిసి చేశారు. గంటన్నర పట్టింది."

"డాక్టర్లకు అంత తీరిక ఉందా?"

"పాపం మంచివాళ్ళమ్మా. రెండోది కూడా ఎప్పుడంటే అప్పుడు సరిచేస్తామన్నారు."

మేనకోడలు వెళ్ళి మేనమామకు చెప్పింది, మన వికీలో డాక్టర్లు కూడా ఒక చెయ్యి వేస్తున్నారట అని. మేనమామ కాసేపు ఆలోచించి, "మంచి ఆస్పత్రిలా ఉంది," అన్నాడు.

మంగళవారానికి మార్పులు నలభై అయ్యాయి. సి బ్లాకు లిఫ్టు ఏ రోజు ఏ సమయానికి ఆగిందో పెద్ద పట్టిక వచ్చింది. కుక్క యజమాని స్వభావం గురించి చాలా మర్యాదైన సవరణ ఒకటి వచ్చింది. పడుకున్న మనిషి ఇంత పని చేస్తున్నాడని మేనమామ ఆఫీసులో ఉన్న ముగ్గురు మెకానిక్‌లకూ ఉపన్యాసం ఇచ్చాడు.

బుధవారం పది గంటలకు మేనకోడలు డి బ్లాకు పేజీ తెరిచింది. 'పూలకుండీ నాది కాదు, నాలుగో అంతస్తువాళ్ళది' అని ఉంది. దాని కింద, 'మాది కాదు, మా ఇంట్లో పూలంటే ఎవరికీ పడదు'. దాని కింద, 'పడకపోతే నిన్న పొద్దున నీళ్ళు పోసిందెవరు?' దాని కింద ఎవరో పూలకుండీ ఫొటో కూడా పెట్టారు. బాబాయ్ మంచం మీద పడుకుని ఒక పూలకుండీ గురించి తనతో తానే ఎందుకు తగువు పెట్టుకుంటున్నాడో ఆమెకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

తన ఫోను తీసి, లాగిన్ కాకుండా వికీ తెరిచింది. వికీ ఏమీ అడగకుండా హాయిగా తెరుచుకుంది. 'మీరు చెప్పిందే కరెక్టండీ' అన్న పేజీ కూడా అంతే హాయిగా తెరుచుకుంది. కంప్యూటరులో వెతికితే ఆ రెండో సెట్టింగుల ఫైలు అంకె వేసుకుని, అక్కడే బుద్ధిగా కూర్చుని ఉంది. ఆమె దాన్ని తీసి సర్వర్‌లో పెట్టింది. ఈసారి వికీ అందరికీ మూసుకుంది.

రెండు నిమిషాలు గడిచాయో లేదో ఫోను మోగింది. పెట్టేసేలోపు రెండోది మోగింది. ఆమె ఆ పాత సీటులోనే కూర్చుని అన్నీ ఎత్తింది. "సగం రాసి పొయ్యి కట్టేసొద్దామని వెళ్ళానమ్మా, వచ్చేసరికి మూసేశారు," అంది ఒకావిడ. "మా నాన్నగారు పట్టికలో ఇవాళ్టిది ఎక్కించాలట, ఎప్పుడు తెరుస్తారు?" అని అడిగిందొకామె. మేనమామ గదిలోంచి గాభరాగా వచ్చాడు.

"ఎన్ని లిఫ్టులు ఆగిపోయాయి?"

"ఒక్కటీ ఆగలేదు మావయ్యా. వికీ ఆగింది. ఆపింది నేనే."

ఆమె ఏదీ దాచకుండా మొత్తం చెప్పింది. మేనమామ ఆమె కంప్యూటరు ముందు కూర్చుని మొదటిసారిగా ఆ పేజీలన్నీ చదివాడు. తన గురించి రాసిన వాక్యం దగ్గర చాలాసేపు ఆగాడు. దాని కింద పన్నెండు మంది సాక్ష్యం చెప్పారు. ఒకాయన మాత్రం రెండు గంటలు కాదు, మూడు అని సవరించాడు.

"రేపు సెక్రటరీ వస్తాడు," అన్నాడు మేనమామ చివరికి. తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది. మెకానిక్‌లలో ఎవరిద్దరిని పంపాల్సి వస్తుందోనని ఆ సాయంత్రం ఇద్దరూ విడివిడిగా లెక్క వేసుకున్నారు. ఒక్కరి ముఖమూ లెక్కకు ఒప్పుకోలేదు.

గురువారం పదకొండు గంటలకు సెక్రటరీ గారు వచ్చారు. వెంట చేతికర్రతో మాస్టారు. సెక్రటరీ గారి చేతిలో ప్రింటు తీసిన కాగితాల బొత్తి. కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, పై కాగితం తీశారు.

"మా గురించి మీరు ఇలా రాసుకోవడం పద్ధతిగా లేదు," అన్నారు.

"మీరు చెప్పిందే కరెక్టండీ," అన్నాడు మేనమామ, ఏళ్ళ అలవాటు కొద్దీ.

సెక్రటరీ గారు కళ్ళజోడు మీదుగా ఆయనను చూసి, వేలితో కాగితం మీద ఆ వాక్యాన్ని తట్టారు. మేనకోడలు టేబులు మీద గీతలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"ఈ పేజీ మా ఆవిడ కూడా చదివింది," అన్నారు సెక్రటరీ గారు. "అప్పటి నుంచి నేనేమన్నా ఇదే మాట అంటోంది. నాలుగు రోజులుగా ఇల్లు ప్రశాంతంగా ఉంది. సరే, అది పక్కన పెట్టండి. మాస్టారు, మీరు చెప్పండి."

మాస్టారు లేచి నిలబడ్డారు. పాఠం చెప్పేటప్పుడు ఆయన కూర్చోరు. "సి బ్లాకు లిఫ్టు నాలుగేళ్ళుగా ఊరికే ఆగుతోంది. మీ మనిషి వచ్చేసరికి బాగానే ఉంటుంది. మీ పేజీలో మేమందరం అది ఆగిన సమయాలు రాస్తూ వచ్చాం, పాతవి కూడా గుర్తున్నంత వరకు. పట్టిక వేసి చూస్తే ప్రతిసారీ కింద నీళ్ళ మోటారు వేసిన నిమిషంలోనే ఆగింది. రెండూ ఒకే లైను మీద ఉన్నాయి. మోటారు వేయగానే కరెంటు ఒక్క క్షణం తగ్గుతోంది, లిఫ్టు బెదురుతోంది."

మేనమామ పట్టిక అందుకుని పైనుంచి కిందికి చూశాడు. ఎంత మొహమాటం ఉన్నా లిఫ్టు సంగతి వచ్చేసరికి ఆయన నిజమైన మెకానికే. "లైను వేరు చేస్తే సరిపోతుంది," అన్నాడు నెమ్మదిగా. "సగం రోజు పని. మేము నాలుగేళ్ళు చూడలేకపోయాం."

"ఒక్క మనిషి చూడలేడులెండి. మోటారు వేసేది ఒకరు, లిఫ్టులో ఇరుక్కునేది ఇంకొకరు," అన్నారు సెక్రటరీ గారు. "ఒప్పందం ఇంకో మూడేళ్ళు పొడిగిద్దామని కమిటీ తీర్మానించింది. రెండు షరతులు. వికీ మళ్ళీ తెరవాలి. ఎనిమిది బ్లాకులవాళ్ళూ నిన్నటి నుంచి నన్ను తినేస్తున్నారు."

మేనమామ కుర్చీలో వెనక్కి వాలి మేనకోడలి వైపు తిరిగాడు. "నేను మొదటి రోజే చెప్పాను కదా, తెరిచే ఉంచమని," అన్నాడు. నిన్నటి తర్వాత మొదటిసారి ఆయన ముఖంలో రంగు వచ్చింది కాబట్టి ఆమె ఆ మాటను అలాగే ఒప్పుకుంది. మనుషుల గురించి రాసినవి మాత్రం తీసేస్తానంది. వద్దన్నారు సెక్రటరీ గారు, పూలకుండీ విషయం ఇంకా తేలలేదు.

"మరి రెండో షరతు?" అని అడిగింది మేనకోడలు.

"మీ మెకానిక్‌లు ప్రతి మరమ్మతు తర్వాత చేసిన పనిని వాళ్ళే స్వయంగా అందులో రాయాలి," అన్నారు మాస్టారు, జేబులోంచి ఎర్ర పెన్ను తీసి టేబులు మీద పెడుతూ. "నేను దిద్దుతాను."

ఆ నెలలో ముగ్గురు మెకానిక్‌లు సెలవు చీటీలు పెట్టారు. కారణం దగ్గర ముగ్గురూ వ్యాకరణం అనే రాశారు, ఆ మాటను ఒక్కరు కూడా సరిగ్గా రాయలేదు.