బాబాయి పంటికి తుప్పు

ఆ ఆదివారం పొద్దున బాబాయి పెట్టుకున్న పని ఒక్కటే: వంటింటి సింకు కింద కారుతున్న పైపు మార్చడం. పైపుల షాపు నడిపేవాడి ఇంట్లోనే పైపు కారడమేమిటని పిన్ని ఎన్నాళ్ళుగానో దెప్పుతోంది. సింకు కింద దూరి పాత ఇనుప జాయింటు ఊడదీస్తే, అది తుప్పు పట్టి చేతిలో పొడిపొడిగా రాలింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఎవరో పంపిన వీడియోలో తెల్లకోటు ఆసామి ఒకడు, పళ్ళకు వేసే లోహపు క్యాపులు ఏళ్ళ తరబడి కరిగి ఒంట్లోకి దిగుతాయని కళ్ళు పెద్దవి చేసి చెబుతున్నాడు.

బాబాయి నాలుక తనంతట తానే వెనక దవడ పన్ను మీదికి పోయింది. ఆ క్యాపు వేసింది పిన్ని తమ్ముడు, పళ్ళ డాక్టరు.

"ఏమేవ్! మీ తమ్ముడు నా నోట్లో విషం పెట్టాడే!"

"పైపు అయిందా?" అంది పిన్ని.

"ఇక్కడ మనిషి పోతుంటే పైపేమిటే! తడికి ఇనుమే ఇలా అయిపోయిందే, నోట్లో రోజంతా తడేగా!"

వెంటనే ఆ తుప్పు ముక్కను ఫొటో తీసి, 'క్యాపు ఉన్నవాళ్ళూ, జాగ్రత్త' అని రాసి చుట్టాల గ్రూపులో పెట్టాడు. అది సింకు కిందదని మాత్రం రాయలేదు. అది బాబాయి నోట్లోంచి ఊడిందేనని అందరూ అనుకున్నారు. అందరి క్యాపులూ ఆ బావమరిది చేతివే మరి. పెద్దత్తకు తన మోకాళ్ళ నొప్పికి కారణం దొరికింది. మేనల్లుడికి బట్టతలకు దొరికింది. తోడల్లుడు తన కోపం కూడా క్యాపు వల్లేనన్నాడు గానీ, ఆయన భార్య ఒప్పుకోలేదు. క్యాపుకు ముందు నుంచీ అంతేనట.

మధ్యాహ్నానికి అందరూ దవడలు పట్టుకుని క్లినిక్కులో దిగారు. వాళ్ళ మూలుగులకు అసలు పేషెంట్లు జారుకున్నారు.

"బావా, నీకు వేసింది కోబాల్టు, క్రోమియం కలిసిన లోహం, తుప్పు పట్టదు. కొంతమందికి నికెల్ అనే లోహం పడదు, అది ఇందులో లేదు. పడనివాళ్ళెవరో ముందే అడిగి తెలుసుకుంటాం," అన్నాడు డాక్టరు.

"నీ సరుకు నువ్వు బాగాలేదంటావా? నేను మాత్రం కస్టమరుకి చెప్తానా? ఇంతకీ అస్సలు కరగదా?"

"ఏదో, లెక్కలోకి రానంత."

"విన్నారా! కరుగుతుందని వాడే ఒప్పుకున్నాడు! తీసెయ్యి!"

డాక్టరు దండం పెట్టాడు. కుర్చీలో పడుకోబెట్టి, "తీసేదాకా నోరు మెదపకు బావా," అన్నాడు. బాబాయికి అదొక్కటే చేతకాని పని. క్యాపు కాస్త కదలగానే, తలుపు దగ్గర మూగిన చుట్టాల వైపు తిరిగి, "చూశారా, నేను చెప్ప..." అన్నాడు.

గుటుక్కుమంది.

"ఏదిరా?" అన్నాడు బాబాయి.

"లోపలికి పోయింది."

ఎక్సరే తీయిస్తే, క్యాపు పొట్టలో నిక్షేపంలా ఉంది. రెండు మూడు రోజుల్లో దానంతట అదే బయటికి వచ్చేస్తుందని డాక్టరు చెప్పేలోపే పెద్దత్త శోకాలు మొదలుపెట్టింది.

"కొద్దికొద్దిగా కరిగితేనే విషమన్నాడే! మొత్తం ముద్దగా మింగాడు, ఇక మనిషి దక్కుతాడా!"

బాబాయి చెయ్యి తనంతట తానే పొట్ట మీదికి పోయింది.

"ఎందుకు కరుగుతుంది అక్కా! మేలురకం సరుకు! మా బావమరిది చేతి పని!"

పొద్దున అది కరుగుతుందని చుట్టాలందరినీ పోగేసిన మనిషి, ఆ సాయంత్రమంతా అది చచ్చినా కరగదని ఒక్కొక్కరికీ ఫోను చేసి మరీ చెప్పుకున్నాడు.