అహరోను చొక్కాకు పట్టిన గంజి

అరకులో ఆ శనివారం పొద్దున్న ఏంజెలిన్ వేసుకున్న లెక్క తిన్నగానే ఉంది. ఏడింటికల్లా కాలేజీలో ఇచ్చిన పొట్లంలోని పాలిమర్ పొడి కరిగి జెల్ అవ్వాలి, పది గంటల బస్సుకి కాలేజీ సైన్స్ ప్రదర్శనకి పోవాలి. రాగి రేకులకీ జింకు రేకులకీ మధ్య ఉప్పు కలిపిన ఆ జెల్ పెడితే చిన్న బల్బు వెలుగుతుందట. మొదటి బహుమతి వస్తే విశాఖపట్నం పోటీకి పంపుతారు. బొర్రా దాటి రైల్లో పోయిన పిల్ల కాదు మరి.

ఉప్పునీళ్లు మరగ్గానే పొట్లమంతా ఒక్కసారే కుమ్మరించింది. కరగడం మాట దేవుడెరుగు, సగ్గుబియ్యంలా ఉండలు కట్టి కూర్చుంది. పప్పుగుత్తితో మెదిపితే ఉండలన్నీ గుత్తికే అంటుకున్నాయి. మిక్సీలో వేస్తే అది రెండుసార్లు మూలిగి, మాడు వాసన కొట్టి ఆగిపోయింది.

"ఏటి సేత్తన్నావే గుంటా? నేను చట్నీ దేంట్లో రుబ్బాలి?" అంది నాయనమ్మ తెరిసమ్మ.

"కరగట్లేదు మామ్మా. ఇది పాలిమరు."

"ఏదైతే నాకేటి? గిన్నె పాడుసేసినావు."

తనతో చదివే సత్యకుమారి దగ్గర ఇంకో పొట్లం ఉందేమోనని ఏంజెలిన్ పక్క ఊరికి పరుగెత్తింది. తెరిసమ్మ మిక్సీలోది గిన్నెలోకి గీకి, తోమేముందు నానాలని చెంబెడు చన్నీళ్లు పోసి, పొయ్యి పక్క నిప్పుల మీదకి నెట్టింది. అటు పోతూ ఒకసారి, ఇటు వస్తూ ఒకసారి అలవాటుకొద్దీ తెడ్డు తిప్పింది. రెండు గంటలయ్యేసరికి ఒక్క ఉండా లేదు. తేటగా, చిక్కగా తయారైంది.

అప్పుడొచ్చాడు ఏంజెలిన్ తండ్రి అహరోను. చర్చి పాటల బృందానికి పెద్ద. ఆదివారం చొక్కాకి శనివారం గంజి తనే పెట్టుకుంటాడు, ఇంకొకరిని నమ్మడు. అంత తేట గంజి ఆయన పుట్టాక చూడలేదు.

ఏంజెలిన్ ఉత్తచేతులతో తిరిగొచ్చింది. సత్యకుమారి పొడి కూడా ఉండలే కట్టిందట.

"గిన్నెలోది ఏదీ?"

"మంచి గంజి. అడుగుదాకా పట్టించీసినాను," అన్నాడు అహరోను.

"నాన్నా, అది నా జెల్."

"మరి పొయ్యి కాడ ఎందుకెట్టినావు?"

తాడు మీద చొక్కా చేతులు చాపుకుని ఉంది. పిండితే మూడు బొట్లు రాలాయి.

"అసలు ఎలా కరిగింది మామ్మా?"

"అంబలి కాసినప్పుడు సోడి పిండి మరిగే నీళ్లలో ఎవులైనా పోత్తారేటి? సన్నీళ్లలో కలిపి పొయ్యెక్కిత్తారు. నీ పుస్తకంలో రాయలేదా?"

"రాశారు. ఆ పేజీ నేను చూళ్లేదు."

బస్సుకి ఇంక పావుగంట. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. తెరిసమ్మ లోపలికెళ్లి కత్తెర తెచ్చింది.

"అమ్మా, అది రేపు తొడుక్కోవాలి."

"నిన్ను రేపు దేవుడు సూత్తాడు. దీన్ని ఇయ్యాల మేస్టర్లు సూత్తారు. తప్పుకోరా."

వీపు దగ్గర నాలుగు ముక్కలు కోసి ఇచ్చింది.

ప్రదర్శనలో రేకుల మధ్య ఆ తడి ముక్కలు పెట్టగానే బల్బు వెలిగింది. మిగతా బల్లల మీద జెల్ సందుల్లోంచి కారిపోతుంటే, ఇది కదల్లేదు. బహుమతులిచ్చే ఫణీంద్ర మాస్టారు వంగి వంగి చూశారు.

"జెల్‌ని గుడ్డకి పట్టించాలన్న ఆలోచన ఎవరిదమ్మా?"

"మా నాన్నదండీ," అంది ఏంజెలిన్.

మొదటి బహుమతి వచ్చింది.

మర్నాడు చర్చిలో ఆరు పాటలూ అహరోను వీపు గోడకి ఆనించే పాడాడు.